మెసేజ్ టైము తప్పని వచ్చిన ఫోనుకు రీసెట్ కొట్టకండి

బెజవాడ, గుంటూరు సెల్ రిపేరు షాపుల మిత్రులకు బహిరంగ లేఖ

బీసెంట్ రోడ్డు పక్క సందుల్లో, గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు పొడుగునా, అటు గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లో కౌంటర్లు పెట్టుకుని ఫోన్లు బాగుచేస్తున్న మీ అందరికీ నమస్కారం.

మీ బల్ల మీదికి అప్పుడప్పుడూ కొన్ని ఫోన్లు వస్తుంటాయి. పైకి మామూలు రెడ్‌మీయో వన్‌ప్లస్సో, లోపల కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి లీనియేజ్ ఓఎస్ (ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్) వేసి ఉంటుంది. ఎప్పుడో ఒకటి బయటి దేశం నుంచి తెప్పించుకున్న, లినక్స్‌తో నడిచే పైన్‌ఫోను కూడా తగలొచ్చు. అందులో పోస్ట్‌మార్కెట్ ఓఎస్సో, మోబియనో, ఉబుంటు టచ్చో ఉంటుంది. వీటితో వచ్చే ఫిర్యాదుల్లో ఎస్ఎంఎస్‌ల గురించినది ఒకటి: "మెసేజ్‌లకు టైము తప్పు పడుతోంది." దానికి కౌంటర్ దగ్గర దొరుకుతున్న జవాబు ఎప్పుడూ ఒక్కటే, "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం, రీసెట్ కొట్టేద్దాం." ఆ మాట అనే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదవమని అడుగుతున్నాం.

రీసెట్ కొడితే మెసేజ్‌లు పోతాయి. బ్యాంకు మెసేజ్ పోతే పోయేది అక్షరాలు మాత్రమే కాదు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మోసంలో తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్పిన ఖాతాదారు మీద నష్టం పడదు. 4 నుంచి 7 పనిదినాలైతే కొంత భరించాలి. లెక్క మొదలయ్యేది ఆ సమాచారం అందినప్పటి నుంచి. అర్ధరాత్రికి అటూ ఇటూ మెసేజ్ టైము ఐదున్నర గంటలు జరిగిందంటే తారీఖే మారిపోతుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసినా, బ్యాంకులో కాగితం పెట్టినా ముందు అడిగేది ఎప్పుడు జరిగిందనే. ఆ ఆధారం ఉన్న ఫోనును మీరు శుభ్రంగా తుడిచి ఇస్తే కస్టమర్ చేతిలో ఏమీ మిగలదు. పైగా చాలాసార్లు రీసెట్ వల్ల జబ్బు నయం కాదు కూడా. జబ్బు ఫోనులో లేకపోవచ్చు.

కస్టమర్‌ని మొదట అడగాల్సిన ప్రశ్న "ఎంత తేడా?" అన్నది. "టైము తప్పు" అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. కాగితం తీసి, మెసేజ్ మీద ఉన్న టైము, నిజంగా వచ్చిన టైము పక్కపక్కన రాయండి. తేడా ఎంతో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఒక్కో లోపం ఒక్కో అంకెను వదిలి వెళ్తుంది. తర్వాత, అన్ని మెసేజ్‌లకా, కొందరివేనా? ఎప్పటి నుంచి? బ్యాటరీ మార్చాకా, సిమ్ మార్చాకా, పాత ఫోన్లోంచి బ్యాకప్ ఎక్కించాకా? ఈ మూడు నాలుగు జవాబులు రాసుకోకుండా స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు.

ఎక్కువగా కనపడే తేడా ఐదున్నర గంటలు. మన టైము గ్రీనిచ్ కంటే అంత ముందుంటుంది. 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం లెక్క అది, ఆ రేఖ మన కాకినాడ దగ్గరగానే పోతుంది. ఐదున్నర గంటల తేడా కనపడిందంటే గడియారం పాడవలేదని అర్థం. ఎవరో ఒకరు గ్రీనిచ్ టైమును మన టైమనుకున్నారు, లేదా మన టైమును గ్రీనిచ్ టైమనుకున్నారు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే తేల్చాలి. ముగ్గురున్నారు: మెసేజ్ సెంటర్, ఫోను గడియారం, మెసేజ్ యాప్.

మెసేజ్ సెంటర్ ఏం చేస్తుందో దగ్గరగా చూద్దాం. మెసేజ్ తన చేతికి రాగానే ఆపరేటర్ దగ్గరున్న ఆ సెంటర్ దాని మీద టైము వేస్తుంది. తపాలా ఆఫీసు ముద్ర లాంటిదే. జీఎస్ఎం కాలంలో 03.40 అనీ, ఇప్పుడు 3జీపీపీ 23.040 అనీ పిలిచే ప్రమాణంలో దీనికి 7 బైట్లు కేటాయించారు: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను, చివర టైమ్ జోను. ప్రతి బైటులో రెండంకెలు, అవి తిరగేసి ఉంటాయి. 2024 నవంబరు 7 సాయంత్రం 6 గంటల 42 నిమిషాల 9 సెకన్లకు మన దగ్గర పడిన ముద్ర ఇలా ఉంటుంది:

42 11 70 81 24 90 22

24 సంవత్సరం 42 అయింది, 07వ తారీఖు 70 అయింది, 18 గంటలు 81, 42 నిమిషాలు 24, 09 సెకన్లు 90. చివరి 22 టైమ్ జోను, దాన్ని గంటల్లో కాక పావుగంటల్లో కొలుస్తారు. ఐదున్నర గంటలంటే 22 పావుగంటలు. తిరగేసినా 22గానే ఉంటుంది.

ఈ 22 వల్ల ఒక చిక్కుంది, పైకి కనపడదు. జోను అంకెలు తిరగేయడం మరిచిపోయిన యాప్ కూడా మన దేశంలో సరిగ్గానే పనిచేస్తుంది. ఇక్కడ కూర్చుని పరీక్షించిన డెవలపర్‌కు అది దొరకదు. నేపాల్ ఐదు ముప్పావు గంటలు, అంటే 23 పావుగంటలు. సింగపూర్ 8 గంటలు, అంటే 32. తిరగేయడం మరిచిన యాప్‌లో నేపాల్ మెసేజ్ సింగపూర్ జోనులోనూ, సింగపూర్ మెసేజ్ నేపాల్ జోనులోనూ పడతాయి. సింగపూర్‌లో ఉద్యోగం చేసే పిల్లల మెసేజ్‌లు మాత్రమే రెండుంపావు గంటల తేడాతో వస్తున్నాయని ఎవరైనా అంటే, ఇది గుర్తు పెట్టుకోండి. ఫోను విప్పాల్సిన పనేం లేదు, యాప్ మారిస్తే చాలు.

ప్రమాణం చెప్పేది సూటిగానే ఉంది. ముందున్న ఆరు బైట్లలో సెంటర్ ఉన్నచోటి టైము రాయాలి, ఏడో బైటులో ఆ టైము గ్రీనిచ్‌కు ఎంత దూరమో రాయాలి. ఫోను ఆ దూరాన్ని తీసేసి గ్రీనిచ్ టైముకు తెచ్చుకుని, తన జోను కలిపి తెర మీద చూపిస్తుంది. సెంటర్ మన టైమే వేసి జోను దగ్గర 22 బదులు 00 పెట్టిందనుకోండి. ఫోను దాన్ని గ్రీనిచ్ టైమని నమ్మి ఇంకో ఐదున్నర గంటలు కలుపుతుంది. సాయంత్రం 6:42 మెసేజ్ అర్ధరాత్రి దాటి 12:12కు, మర్నాటి తారీఖుతో కూర్చుంటుంది. దీనికి తలకిందులుగా, గ్రీనిచ్ టైము వేసి పక్కన 22 పెడితే అదే మెసేజ్ మధ్యాహ్నం 1:12కు పడుతుంది. గ్రీనిచ్ టైము వేసి 00 పెడితే మాత్రం తప్పేం లేదు, లెక్క సరిగ్గా కుదురుతుంది. కాబట్టి 00 కనపడగానే ఆపరేటర్‌ను తిట్టేయకండి. దాని ముందున్న గంట ఎంతో చూడండి.

ఇప్పుడు మీ బల్ల దగ్గరే జరిగే తప్పు గురించి. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఐదున్నర గంటల కేసుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. కొత్తగా సాఫ్ట్‌వేర్ వేసిన ఫోను తెర మీద టైము ఐదున్నర గంటలు వెనక ఉంటుంది, ఎందుకంటే జోను ఇంకా గ్రీనిచ్‌లోనే ఉంది. సిమ్ లేకుండా వైఫై మీద ఉంచి చూస్తే ఇంటర్నెట్ నుంచి టైము వస్తుంది గానీ జోను రాదు. నెట్ సర్వర్లు ఇచ్చేది గ్రీనిచ్ లెక్క మాత్రమే. అది చూసి కౌంటర్ దగ్గర కుర్రాడు ఆటోమేటిక్ టైము తీసేసి, ముల్లును చేత్తో ఐదున్నర గంటలు ముందుకు తిప్పేస్తాడు. తెర మీద టైము సరిపోయింది, డబ్బులిచ్చి కస్టమర్ వెళ్లిపోయాడు.

ఫోను లోపల మాత్రం ఇప్పుడు పెద్ద అబద్ధం కూర్చుంది. గ్రీనిచ్‌లో సాయంత్రం 6:42 అయిందని ఆ ఫోను నమ్ముతోంది. మెసేజ్ సెంటర్ వేసిన ముద్ర నిక్కచ్చిగా ఉన్నా, ఫోను దాన్ని గ్రీనిచ్ టైముకు మార్చి మధ్యాహ్నం 1:12 అని చూపిస్తుంది. తెర మీద గడియారం కరెక్టు, మెసేజ్ ఐదున్నర గంటలు పాతది! ముద్ర టైమునే చూపించే లినక్స్ ఫోన్లలో ఇది వెంటనే బయటపడుతుంది. లీనియేజ్ లాంటి ఆండ్రాయిడ్ ఫోన్లలో జాబితాలో కనపడేది ముద్ర టైము కాదు, ఫోను అందుకున్న టైము. అందుకని అక్కడ కొన్నాళ్లు గుట్టుగా ఉంటుంది. తర్వాత ఇంకెవరో జోను సరిచేస్తారు. అప్పుడు ఆ మధ్య వచ్చిన పాత మెసేజ్‌లన్నీ ఐదున్నర గంటలు ముందుకు గెంతుతాయి, అర్ధరాత్రి 12:12కు బ్యాంకు మెసేజ్ వచ్చినట్టు కనపడుతుంది. సరిచేసిన రోజైతే కొత్తగా వచ్చినవి వాటి కింద పడి ఓటీపీ దొరక్క కస్టమర్ కంగారు పడతాడు. "మీరు బాగుచేశాకే పాడైంది" అంటాడు. ఆ మాట పడకూడదంటే జోను మార్చే ముందే చెప్పండి, పాత మెసేజ్‌ల టైములు ఇలా మారి కనపడతాయని.

చేత్తో తిప్పిన గడియారాన్ని పట్టుకోవడానికి ఒక సులువైన గుర్తుంది. ఆథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరంకెల కోడు పనిచేస్తోందా అని అడగండి. ఆ కోడు గ్రీనిచ్ టైము మీద 30 సెకన్లకోసారి మారుతుంది, ఐదున్నర గంటల అబద్ధం దానికి సరిపడదు. కోడు పడటం లేదు, తెర మీద టైము మాత్రం బాగానే ఉంది అంటే దొంగ దొరికినట్టే.

సరిచేయడం చిన్న పని. లీనియేజ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, తేదీ-సమయంలోకి వెళ్లి ముందు టైమ్ జోనును కోల్‌కతాకు మార్చండి, తర్వాతే ఆటోమేటిక్ టైము ఆన్ చేయండి. వరస మార్చినా చివరికి తేడా రాదు గానీ, ముందు టైము ఆన్ చేస్తే తెర మీద ఐదున్నర గంటలు వెనక్కి పోయి మళ్లీ చేయి ముల్లు మీదికి పోతుంది. లినక్స్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో జోను దొరక్కపోతే టెర్మినల్లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశానికి సెట్-టైమ్‌జోన్, ఏషియా/కోల్‌కతా అని ఇవ్వండి. ఆ ఆదేశం లేని పోస్ట్‌మార్కెట్ ఫోన్లుంటాయి, వాటిలో ఈటీసీ ఫోల్డర్లోని లోకల్‌టైమ్ అనే లింకును కోల్‌కతా ఫైలుకు తిప్పాలి. అయ్యాక డేట్ ఆదేశం కొట్టండి, చివర ఐఎస్‌టీ అని రావాలి. దాన్నే హైఫన్ యూ తగిలించి కొడితే గ్రీనిచ్ టైము వస్తుంది. రెండింటి మధ్యా సరిగ్గా ఐదున్నర గంటలుంటే, రెండోది ఇంకో మంచి ఫోను చెప్పే గ్రీనిచ్ టైముతో కలిస్తే, ఫోను గడియారం మీద ఇక అనుమానం అక్కర్లేదు. టైము ఇచ్చే సర్వరు కావాలంటే మన అధికారిక టైమును చూసే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వరు ఉంది, దాన్నే పెట్టుకోవచ్చు.

గడియారం శుభ్రంగా ఉండీ మెసేజ్‌లకు తేడా వస్తోందంటే, అప్పుడు మెసేజ్ సెంటర్ వైపు చూడాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. సిమ్ తీసి షాపులో ఉన్న కంపెనీ ఫోన్లో వేస్తారు, అందులో టైము సరిగ్గా వస్తుంది, "చూశారా, మీ ఫోన్లోనే లోపం" అంటారు. ఆ కంపెనీ ఫోను జాబితాలో చూపించింది తాను అందుకున్న టైమును, సెంటర్ ముద్రను అది అసలు బయటపెట్టలేదు. మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి వివరాలు తెరవండి. చాలా యాప్‌లలో పంపిన టైము, అందిన టైము విడివిడిగా ఉంటాయి. పోల్చాల్సింది ఆ "పంపిన" టైమును. అందక ముందే పంపాలి కదా, పంపిన టైము అందిన టైము కంటే ఐదున్నర గంటలు ముందుకు ఉంటే సెంటర్ 00 వేస్తోందన్నమాట.

కంప్యూటర్ దగ్గరుంటే ఇంకా గట్టి రుజువు తీయొచ్చు. ఆండ్రాయిడ్ మెసేజ్‌లను ఒక డేటాబేస్‌లో పెడుతుంది, ప్రతి మెసేజ్‌కూ డేట్, డేట్-సెంట్ అని రెండు గళ్లు. మొదటిది ఫోను అందుకున్న టైము, రెండోది సెంటర్ ముద్ర, రెండూ మిల్లీసెకన్లలో ఉంటాయి. కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీ షెల్‌లో కంటెంట్ క్వెరీ ఆదేశంతో ఎస్ఎంఎస్ ఇన్‌బాక్స్ అడిగి ఈ రెండు అంకెలూ తీయండి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మామూలుగా కొన్ని వేలు వస్తుంది, అంటే కొన్ని సెకన్లు. అలా కాకుండా 1,98,00,000కు అటూ ఇటుగా వస్తే అది ఐదున్నర గంటలు. కోటీ తొంభై ఎనిమిది లక్షలు అన్న అంకె ఒకసారి నోటికి వస్తే ఇక మరిచిపోరు. ఒక్క మెసేజ్ చూసి తేల్చొద్దు, ముద్ర వెనకబడి ఉంటే అది నిజంగానే ఐదున్నర గంటలు ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. పది మెసేజ్‌లకు పదికీ అదే అంకె వస్తే ఆలస్యం కాదు. ఇంకో జాగ్రత్త: ముల్లు చేత్తో తిప్పిన ఫోన్లోనూ ముద్ర సరిగ్గా ఇంతే వెనకబడి కనపడుతుంది. గడియారం సంగతి ముందు తేల్చమన్నది అందుకే.

పైన్‌ఫోన్లో దారి వేరు. అందులో మోడెం (నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం) క్వెక్టెల్ ఈజీ25-జీ, దాన్ని సూటిగా అడగొచ్చు. ముందు మెసేజ్ యాప్ ఆపేయండి. తెరిచి ఉంటే చాలా యాప్‌లు మెసేజ్‌ను తీసేసుకుని మోడెంలోంచి చెరిపేస్తాయి, మీకు చూడ్డానికి ఏమీ మిగలదు. ఇంకో ఫోన్నుంచి ఒక మెసేజ్ పంపించుకుని, ఎంఎంసీఎల్ఐ ఆదేశంతో మెసేజ్‌ల పట్టీ తీసి, ఆ నంబరు మెసేజ్ తెరవండి. టైమ్‌స్టాంప్ అన్న వరస చివర +05:30 ఉండాలి. అదే చోట మెసేజ్ సెంటర్ నంబరు కూడా ఉంటుంది, రాసుకోండి. ఇంకా లోపలికి పోవాలంటే మోడెం పోర్టుకు ఏటీ ఆదేశాలు పంపాలి: ఏటీ+సీఎంజీఎఫ్=1 తో టెక్స్ట్ పద్ధతి పెట్టి, ఏటీ+సీఎంజీఎల్ తో అన్నీ అడిగితే ఒక్కో మెసేజ్ పక్కనా "24/11/07,18:42:09+22" లాంటి వరస వస్తుంది. ఆ +22 చోట +00 ఉండీ గంట మన గంటే అయితే, తప్పు ఫోనుది కాదు, యాప్‌ది కాదు. +22 సరిగ్గా ఉండీ తెర మీద టైము తప్పుంటే యాప్‌ది. ఉబుంటు టచ్‌లో మోడెం పని ఓఫోనో అనే ప్రోగ్రాం చూస్తుంది, అది సెంట్-టైమ్, లోకల్-సెంట్-టైమ్ అని రెండిస్తుంది. మన దేశం మెసేజ్‌లకు ఆ రెండూ ఒకటే గంట చెప్పాలి.

మోడెం గడియారాన్ని అడిగే ఏటీ+సీసీఎల్‌కే? జవాబును మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఈ క్వెక్టెల్‌లో ఏటీ+సీటీజెడ్‌యూ అమరిక 1లో ఉంటే గంట గ్రీనిచ్‌ది ఇచ్చి పక్కన +22 తగిలిస్తుంది. 3లో పెడితే మన గంట ఇస్తుంది. నెట్‌వర్క్ చెప్పిన మన టైము కావాలంటే ఏటీ+క్యూఎల్‌టీఎస్=2 అడగండి.

తప్పు సెంటర్‌దే అని తేలాక, ఏ సెంటర్‌ది? మామూలు మనిషి పంపిన మెసేజ్ మీద ముద్ర వేసేది పంపినవాళ్ల ఆపరేటర్ సెంటర్, అందుకున్నవాళ్లది కాదు. కస్టమర్ సిమ్ ఏదన్నది ఇక్కడ సంబంధం లేదు. ఈ ఒక్క సంగతి తెలియక సిమ్ పోర్ట్ చేయించుకున్నవాళ్లకు ఒరిగేదేం ఉండదు. బ్యాంకులు, కంపెనీల మెసేజ్‌లకైతే పేరుకు ముందు రెండక్షరాలుంటాయి. మొదటిది మెసేజ్ బయల్దేరిన ఆపరేటర్‌ను, రెండోది సర్కిల్‌ను (టెలికాం ప్రాంతాన్ని) చెబుతుంది. రెండో అక్షరం ఏ అయితే ఆంధ్రప్రదేశ్ సర్కిల్, డీ అయితే ఢిల్లీ, ఎం అయితే ముంబై. తేడా ఉన్న మెసేజ్‌లన్నిటికీ ఆ రెండక్షరాలూ ఒకటే అయితే కాగితం మీద ఎక్కించండి. అంతకంటే మంచి ఆధారం ఉండదు.

ఫిర్యాదు ఆపరేటర్ ఫిర్యాదుల నంబరు 198కి. "టైము తప్పు పడుతోంది" అంటే ఫోను ఆపి ఆన్ చేయమంటారు. అలా కాక, ఫలానా తారీఖు, ఫలానా గంటకు ఫలానా పేరుతో వచ్చిన మెసేజ్‌లో సర్వీస్ సెంటర్ టైమ్‌స్టాంప్ జోను 22 బదులు 00 ఉందని చెప్పండి. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో అదే ఆపరేటర్ అప్పీలు అధికారికి పోవచ్చు. ఆ నంబరు లేకపోతే అప్పీలు లేదు.

మన రెండు ఊళ్లలో తప్పక తగిలే కేసు ఇంకోటుంది: అమెరికాలో ఉన్న పిల్లల మెసేజ్‌లు. అక్కడి జోను గ్రీనిచ్‌కు వెనక, కాబట్టి ఏడో బైటులో మైనస్ గుర్తు రావాలి. తూర్పు తీరంలో చలికాలం 5 గంటలు వెనక, 20 పావుగంటలు. తిరగేస్తే 02, ఆ రెండో అంకెకు 8 కలిపితే మైనస్ అని అర్థం, 2కు 8 కలిస్తే 10, దాన్ని పదహారు అంకెల (హెక్సాడెసిమల్) లెక్కలో ఇంగ్లీషు ఏ అక్షరంతో రాస్తారు, మొత్తం 0ఏ. ఈ 8ను పట్టించుకోని యాప్ మైనస్ 5ను ప్లస్ 5గా చదువుతుంది. మెసేజ్ 10 గంటలు వెనక్కి పోతుంది. ఎండాకాలంలో వాళ్లు గడియారం జరుపుకుంటారు, అప్పుడు తేడా 8 గంటలే. 8ని గుర్తుగా కాక అంకెగానే కలిపేసే ఇంకో రకం యాప్‌లో 20 కాస్తా 100 పావుగంటలవుతుంది, మెసేజ్ ఏకంగా 30 గంటలు వెనక్కి పోతుంది. ఇక్కడివాళ్ల మెసేజ్‌లన్నీ బాగుండి అబ్బాయి మెసేజ్ మాత్రమే పదో, ఎనిమిదో, ముప్ఫయ్యో గంటలు తేడా అంటే, సిమ్‌నీ గడియారాన్నీ ముట్టుకోకండి.

సంవత్సరాలే తారుమారైన కేసులు చూడ్డానికి భయంగా ఉంటాయి గానీ తేల్చడం వీటిలోనే తేలిక.

1970 జనవరి 1 ఉదయం 5:30 అని ఉంటే ఫోను టైము సున్నా నుంచి మొదలైందని అర్థం, గ్రీనిచ్ అర్ధరాత్రి మనకు 5:30. పైన్‌ఫోన్లో బ్యాటరీ తీసి కాసేపు ఉంచినా, పూర్తిగా అడుగంటినా గడియారం పోతుంది. మళ్లీ ఆన్ అయి నెట్‌వర్క్ టైము అందే లోపు వచ్చిన మెసేజ్‌లకు యాప్ తన టైము వేస్తే అవి 1970లో పడతాయి. దాని బ్యాటరీ సామ్‌సంగ్ జే7 కొలతది, మీ దగ్గర ఉండేదే. మార్చాక వెనక మూత కింద ఆరు చిన్న స్విచ్‌లున్నాయి చూడండి, ఒకటోది మోడెంది. అది ఆఫ్‌లో ఉంటే నెట్‌వర్క్ నుంచి టైమూ రాదు, మెసేజూ రాదు. బ్యాటరీ ఎక్కిస్తూ గోరు తగిలినా అది జరగొచ్చు.

1970 జనవరి 21 అని ఉంటే గడియారానికి సంబంధం లేదు. సెకన్లను మిల్లీసెకన్లని చదివారు. పైన చెప్పిన నవంబరు 7 మెసేజ్ లెక్క 1,73,09,85,129 సెకన్లు, దాన్ని మిల్లీసెకన్లనుకుంటే 1970 జనవరి 21 ఉదయం 6:19 అవుతుంది. 2024 ఫిబ్రవరి 18 నుంచి 2026 నవంబరు 13 దాకా వచ్చే మెసేజ్‌లన్నీ ఈ తప్పులో ఆ ఒక్క తారీఖు మీదే గుంపుగా పడతాయి. తలకిందులుగా చదివితే సంవత్సరం 56 వేలు దాటుతుంది. ఐఫోన్ నుంచి తెచ్చిన మెసేజ్‌లు సరిగ్గా 31 ఏళ్లు వెనక ఉంటే, ఆపిల్ తన లెక్కను 1970 నుంచి కాక 2001 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది, ఎక్కించిన పనిముట్టు అది చూసుకోలేదు. బ్యాకప్‌లోంచి వచ్చినవన్నీ ఎక్కించిన రోజు తారీఖే చూపిస్తే అసలు టైమును పక్కన పడేసి "ఇప్పుడు" అని రాసేసిందన్నమాట. ఇవన్నీ బ్యాకప్ పనిముట్టు తప్పులు. ఆ మెసేజ్‌లు చెరిపి, ఇంకో పనిముట్టుతో మళ్లీ ఎక్కించాలి, అసలు బ్యాకప్ ఫైలు చెరపకుండా.

తప్పు కాని తప్పు కూడా ఒకటుంది. రాత్రి ఫోను ఆఫ్ చేసి పొద్దున ఆన్ చేస్తే, వచ్చిన మెసేజ్ ముద్రలో రాత్రి టైమే ఉంటుంది. ముద్ర సెంటర్ చేతికి అందిన టైముది, మీ చేతికి అందినప్పటిది కాదు. ముద్ర ప్రకారం వరస పెట్టే యాప్‌లో అది పాతవాటి మధ్య దూరిపోతుంది. తెలుగు మెసేజ్‌లకు ఇంకో మెలిక: ఇంగ్లీషు 160 అక్షరాలు పట్టేచోట తెలుగు 70 యూనిట్లే పడుతుంది, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి. అంతకు మించితే 67 చొప్పున ముక్కలవుతుంది, ప్రతి ముక్కకూ వేరే ముద్ర. ఒక ముక్క ఆలస్యమైతే మొత్తం మెసేజ్ టైము ఏ ముక్కదన్నది యాప్ ఇష్టం. ఐదు, పది నిమిషాల తేడాకు తల బద్దలు కొట్టుకోకండి.

పాత మెసేజ్‌ల టైము దిద్దమని కస్టమర్ అడుగుతాడు. రూట్ (లోపలి ఫైళ్లన్నీ మార్చే అనుమతి) ఉన్న ఫోన్లో డేటాబేస్ తెరిచి డేట్ గడిలోంచి 1,98,00,000 తీసేయడం పెద్ద కష్టం కాదు, కానీ బ్యాంకు గొడవో పోలీసు కేసో నడుస్తున్న ఫోన్లో ఆ పని చేయొద్దు. దిద్దిన మెసేజ్ ఆధారంగా నిలబడదు. తప్పో ఒప్పో ఉన్నది ఉన్నట్టు ఉంచి, వివరాల తెర ఫోటో తీసి, బ్యాకప్ ఫైలు కస్టమర్‌కు ఇచ్చి, సరిచేసేది ఇకమీద వచ్చేవాటికే అని చెప్పండి.

ఈ పరీక్షలన్నీ కలిపి ఇరవై నిమిషాలు. దానికి డబ్బు తీసుకోండి, మొహమాటపడొద్దు. బిల్లు మీద "సాఫ్ట్‌వేర్ సర్వీసింగ్" అని రాసే చోట నాలుగు మాటలు ఎక్కువ రాయండి: తేడా ఎంత, గడియారం జోను ఏది ఉంది ఏది పెట్టారు, ముద్రలో జోను అంకె ఎంత, మెసేజ్ పేరు ముందు రెండక్షరాలు ఏవి. 198లో మాట్లాడేటప్పుడు కస్టమర్ ఆ బిల్లు చూసే చదువుతాడు.

ఇట్లు,
బెజవాడ, గుంటూరుల్లో ఓపెన్ సోర్స్ ఫోన్లు వాడేవాళ్లం, వాటి సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లం